గాలిని కొలిచాకే పెట్రోలు

తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే ఉత్తర చెన్నైలోని కాశిమేడు చేపల రేవు దగ్గర బళ్ల సందడి మొదలవుతుంది. రాయపురం, తండయార్‌పేట, పాత చాకలిపేట వైపుల నుంచి వచ్చిన వ్యాపారులు వేలంపాట జరిగే చోటికి కాస్త ఇవతల బళ్లు నిలుపుతారు. వాటిలో ఎక్కువగా కనిపించేది టీవీఎస్ ఎక్స్‌ఎల్. వెనక పెట్టె, పెట్టెలో ఐసు, ఐసు మీద చేప. వేలం ముగిసి ఒక్కొక్కరే బయల్దేరేటప్పుడు పక్కన నిలబడి గమనిస్తే ఒక తేడా తెలుస్తుంది. పాత బండివాళ్లు చోక్ లాగి నాలుగైదుసార్లు కిక్ కొడతారు. ఇంజన్ అంటుకున్నాక అది ఆరిపోకుండా యాక్సిలరేటర్ ఆడిస్తూ నిలబడతారు. కాసేపటికి చోక్ నెట్టేసి అప్పుడు కదులుతారు. 2020 తర్వాత కొన్న బండివాళ్లు స్టార్ట్ చేసి వెళ్లిపోతారు. కొత్త బళ్లకు చోక్ మీటే ఉండదు.

ఇంజన్ లోపల పిస్టన్, సిలిండర్, ప్లగ్ అన్నీ పాతవాటిలాగే ఉన్నాయి. పోసే పెట్రోలు అదే, పీల్చే సముద్రపు గాలి అదే. మరి ఆ మీట ఏమైపోయింది? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే మోటారు బండి గురించి మనలో చాలామందికి ఉన్న ఒక నమ్మకం తలకిందులవుతుంది. పెట్రోలు ఇంజన్‌లో అసలు పెత్తనం పెట్రోలుది కాదు, గాలిది. ఎంత గాలి వచ్చిందో చూసుకుని దానికి తగినంతే పెట్రోలు వెళ్లాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఎఫ్‌ఐ) అనే పేరు విని అదంతా పెట్రోలు చిమ్మే విద్య అనుకుంటాం. అందులో ముప్పాతిక భాగం గాలిని కొలిచే విద్య.

రాయపురానికి ఇంజన్లు కొత్త కాదు. 1856లో దక్షిణ భారతదేశపు తొలి ప్రయాణికుల రైలు ఇక్కడి స్టేషన్ నుంచే వాలాజా రోడ్డుకు బయల్దేరింది. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల ఉత్తరాన, తిరువొత్తియూరులో, 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ కంపెనీ తరతరాలుగా బుల్లెట్లు తయారుచేసింది. కార్బరేటర్ నుంచి ఇంజెక్షన్‌కు మారడం ఆ బుల్లెట్ కుటుంబంలోనే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి ఈ వ్యాసంలో లెక్కలన్నీ 350 సీసీ బుల్లెట్ ఇంజన్ మీదే వేద్దాం.

యాక్సిలరేటర్ తిప్పితే వెళ్లేది ఏమిటి?

'పెట్రోలు' అని చాలామంది చెబుతారు. యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుని ఇంజన్ దాకా వెళ్లి చూడండి. ఇంజెక్షన్ బండిలో ఆ కేబుల్ రెండో కొస థ్రాటిల్ బాడీ అనే అల్యూమినియం గొట్టానికి తగిలించి ఉంటుంది. గొట్టం మధ్యలో, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దదైన గుండ్రటి రేకు ఒకటి అడ్డంగా ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఆ రేకు వాలి దారి ఇస్తుంది. అంతే. అక్కడ పెట్రోలు ప్రసక్తే లేదు. మన చేతిలో ఉన్నది గాలి తలుపు ఒక్కటే.

ఆ తలుపు దాకా గాలి రావడం వెనక కూడా కథ ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో చోటు పెరిగి, లోపలి పీడనం తగ్గుతుంది. బయట వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువుతో ఒత్తుతూ ఉంటుంది కాబట్టి గాలి తోసుకుని లోపలికి వస్తుంది. ఇంజన్ గాలి పీలుస్తుందని అంటాం కానీ, నిజానికి దాన్ని లోపలికి నెట్టేది వాతావరణమే. సీటు కిందో, పక్క డబ్బాలోనో ఉన్న ఎయిర్ ఫిల్టర్ గుండా, రబ్బరు గొట్టం గుండా, థ్రాటిల్ రేకును దాటి, ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకునే దాకా కాచుకుని లోపలికి పోతుంది. ఫిల్టర్ ఉన్న ఆ డబ్బా అంత పెద్దదిగా ఎందుకు ఉంటుందంటే, ఒకే సిలిండర్ ఉన్న బండి గాలిని ఏకధారగా లాగదు. గుక్క గుక్కగా లాగుతుంది. ప్రతి గుక్కకూ సిద్ధంగా కొంత గాలి నిలవ ఉండాలి. ఆ గుక్కల చప్పుడును అణచడం కూడా ఆ డబ్బా పనే.

థ్రాటిల్ రేకు దాదాపు మూసి ఉన్నప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో, రేకుకు అవతల ఇన్‌టేక్ గొట్టంలో పీడనం సాధారణంగా బయటి పీడనంలో మూడో వంతు దగ్గరకు పడిపోతుంది. రేకు పూర్తిగా తెరిస్తే బయటి పీడనానికి దాదాపు సమానమవుతుంది. ఈ పీడనం సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అదే కాశిమేడులో లంగరేసి ఉన్న మరబోట్ల డీజిల్ ఇంజన్ల పద్ధతి వేరు. సాధారణ డీజిల్ ఇంజన్‌లో గాలికి తలుపు ఉండదు. ప్రతిసారీ సిలిండర్ నిండా గాలి వస్తుంది, సరంగు మీట జరిపితే మారేది డీజిల్ మోతాదే. అక్కడ గాలి ఎంత మిగిలినా పరవాలేదు. పెట్రోలుకు ఆ వెసులుబాటు లేదు. ప్లగ్ నుంచి వచ్చే ఒక్క నిప్పురవ్వతో మంట సిలిండర్ అంతా పాకాలంటే గాలి, పెట్రోలు పాళ్లు చాలా ఇరుకైన హద్దుల్లో ఉండాలి.

పద్నాలుగున్నర పైచిలుకు

ఆ పాళ్లు ఎంతంటే, ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే అందులో కొంత సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా, మసిగా బయటికి పోతుంది. ప్లగ్ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. తక్కువైతే మంట నిదానంగా పాకుతుంది, మిస్సింగ్ వస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది, ప్లగ్ కొస తెల్లగా మారుతుంది.

ఇక్కడ చెబుతున్నవి బరువులని గమనించండి. మంటకు కావలసింది ఆక్సిజన్ అణువులు. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి అదే చోటులో తక్కువ అణువులు ఉంటాయి. జనవరి ఉదయం 25 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి దాదాపు 5 శాతం తేలిక. సిలిండర్ పరిమాణం మారదు కానీ అందులోకి వచ్చే గాలి బరువు మారుతుంది. పెట్రోలు కూడా ఆ మేరకు తగ్గాలి.

【ఒక లీటరు పెట్రోలు ఎంత గాలి తాగుతుంది?
లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. దాన్ని 14.7తో గుణిస్తే దగ్గరదగ్గర 10.9 కిలోల గాలి. 30 డిగ్రీల వేడిలో వెయ్యి లీటర్ల గాలి బరువు 1.16 కిలోలు. అంటే ఒక్క లీటరు పెట్రోలు కాలడానికి 9 వేల లీటర్ల పైచిలుకు గాలి కావాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తం సుమారు మూడు లీటర్ల పెట్రోలుతో సరి. ట్యాంకులో పోసేదాని కంటే కంటికి కనపడకుండా ఫిల్టర్ గుండా వెళ్లేదే బరువులోనూ, పరిమాణంలోనూ ఎన్నో రెట్లు ఎక్కువ.】

కార్బరేటర్ చేసిన పని

ఈ పాళ్లను కరెంటు లేకుండా, లెక్క లేకుండా, వందేళ్లకు పైగా కుదిర్చింది కార్బరేటర్. జర్మనీలో విల్‌హెల్మ్ మైబాక్ 1893లో తెచ్చిన తుంపర కార్బరేటర్ నుంచి మొన్నమొన్నటి బుల్లెట్ల దాకా సూత్రం ఒకటే. గాలి వెళ్లే గొట్టాన్ని ఒకచోట సన్నం చేస్తారు. సన్నటి చోట గాలి వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. అక్కడే ఒక సన్నటి రంధ్రం, అంటే జెట్, ఉంటుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు పీడనం తగ్గిన వైపుకి ఎగబాకి తుంపరగా గాలిలో కలుస్తుంది. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ లాగుడు, ఎక్కువ పెట్రోలు. గిన్నెలో మట్టం తగ్గితే ఫ్లోట్ దిగి ట్యాంకు దారి తెరుస్తుంది. ఇంత తక్కువ భాగాలతో ఇంత పని చేసిన పరికరాలు యంత్రశాస్త్రంలో అరుదు. దాన్ని నేను ఇప్పటికీ గౌరవంతోనే చూస్తాను.

అయితే దానికి తెలిసింది గాలి వేగం ఒక్కటే. ఆ గాలి వేడిగా ఉందా, పలుచగా ఉందా, ఇంజన్ చల్లగా ఉందా అన్నది దానికి పట్టదు. జెట్ రంధ్రం ఒకసారి బిగించాక అంతే. అందుకే మెకానిక్ ఇంజన్ చప్పుడు విని ఎయిర్ స్క్రూ పావు చుట్టు అటో ఇటో తిప్పేవాడు, ప్లగ్ విప్పి రంగు చూసేవాడు. ఇటుక రంగు వస్తే సరిగ్గా ఉన్నట్టు.

చల్లటి ఇంజన్ దగ్గర ఈ బలహీనత బాగా బయటపడుతుంది. ద్రవరూపంలో ఉన్న పెట్రోలు మండదు, ఆవిరే మండుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండి లోహం వంద డిగ్రీలకు బదులు పాతిక డిగ్రీల దగ్గర ఉంటుంది. అప్పుడు పెట్రోలులో తేలికపాటి భాగం మాత్రమే ఆవిరవుతుంది. తక్కినది గొట్టం గోడలకు, సిలిండర్ గోడలకు తడిగా అంటుకుపోతుంది. లెక్క ప్రకారం పాళ్లు సరిగ్గానే ఉన్నా, మంటకు అందే ఆవిరి చాలదు. కాబట్టి మామూలు కంటే చాలా ఎక్కువ పెట్రోలు పంపాలి, అందులో ఆవిరైన భాగమైనా సరిపోవాలి. చోక్ లాగడమంటే ఇదే. కొన్ని కార్బరేటర్లలో అది గాలి దారిని మూసి జెట్ మీద లాగుడు పెంచుతుంది, ఇంకొన్నింటిలో అదనపు పెట్రోలు దారి తెరుస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూడా దాన్ని మరిచిపోతే నల్లపొగ, పెట్రోలు వాసన, మసిబట్టిన ప్లగ్. ఎప్పుడు లాగాలి, ఎప్పుడు నెట్టాలి అన్న తీర్పు నడిపేవాడి చేతిలో ఉండేది.

ఒక్క చుక్క, పది మిల్లీసెకన్లు

ఇంజెక్టర్ కార్బరేటర్‌కు పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. ట్యాంకులో ఉన్న చిన్న విద్యుత్ పంపు పెట్రోలును వాతావరణ పీడనానికి మూడు రెట్ల దగ్గర ఒత్తిడితో నిలబెడుతుంది. ఆ ఒత్తిడి మారకుండా ఒక రెగ్యులేటర్ చూసుకుంటుంది. గొట్టం కొసన వేలంత పొడవున్న ఇంజెక్టర్. దాని లోపల స్ప్రింగు ఒక సూదిని రంధ్రాల మీదికి అదిమి ఉంచుతుంది. చుట్టూ రాగి తీగ చుట్ట. తీగలో కరెంటు పారితే అయస్కాంతమై సూదిని పైకి లాగుతుంది. ఎంత పైకి? మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులోంచి పెట్రోలు సన్నటి తుంపరగా చిమ్ముతుంది. కరెంటు ఆపగానే స్ప్రింగు మూసేస్తుంది.

ఒత్తిడి మారదు, రంధ్రం మారదు. కాబట్టి ఎంత పెట్రోలు వెళ్లిందన్నది ఎంతసేపు తెరిచి ఉంచామన్న దాని మీదే ఆధారపడుతుంది. మోతాదును కాలంగా మార్చడం ఈ పద్ధతికి పునాది. కాలాన్ని కొలవడంలో ఎలక్ట్రానిక్స్‌ను మించింది లేదు.

ఇప్పుడు తిరువొత్తియూరు రోడ్డు మీద నిమిషానికి 3000 చుట్ల వేగంతో తిరుగుతున్న 349 సీసీ బుల్లెట్ ఇంజన్ లోపలికి చూద్దాం. సెకనుకు 50 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకొకసారి గాలి తీసుకుంటుంది, అంటే సెకనుకు 25 గుక్కలు. ఒక్కో గుక్కకు పిస్టన్ పైనుంచి కిందికి దిగే కాలం 10 మిల్లీసెకన్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి సిలిండర్ నిండుగా గాలి తీసుకుందనుకుంటే, ఆ గాలి బరువు దాదాపు 0.4 గ్రాములు. దానికి కావలసిన పెట్రోలు 27 మిల్లీగ్రాములు. డ్రాపర్‌తో వదిలితే ఒకటి రెండు చుక్కలు. మామూలుగా రోడ్డు మీద నింపాదిగా వెళుతున్నప్పుడైతే అందులో సగమో, మూడో వంతో. ఆ మోతాదు లెక్క ప్రతి గుక్కకూ మళ్లీ కట్టాలి, సెకనుకు పాతిక సార్లు.

లెక్క కట్టేది ఈసీయూ అనే అరచేతిలో పట్టే పెట్టె. దానికి కబుర్లు మోసేవి సెన్సర్లు. క్రాంకుకు బిగించిన పళ్ల చక్రంలో కావాలనే ఒకచోట పన్ను లేకుండా వదిలేస్తారు. ఆ ఖాళీ ఎప్పుడు దాటిందో చూసుకుని పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ గ్రహిస్తుంది. థ్రాటిల్ రేకు ఎంత వాలిందో ఒక సెన్సర్ చెబుతుంది. ఇన్‌టేక్ గొట్టంలో పీడనం ఎంతో మరొకటి, వచ్చే గాలి వేడి ఎంతో ఇంకొకటి. ఇందాక గుర్తుంచుకోమన్న పీడనం ఇక్కడ పనికొస్తుంది. పీడనం, వేడి రెండూ తెలిస్తే గాలి సాంద్రత తెలిసిపోతుంది. సిలిండర్ పరిమాణం ఎలాగూ తెలుసు. ఈ వేగంలో ఈ ఇంజన్ నిజంగా ఎంత వంతు నిండుతుందో ఫ్యాక్టరీలో ముందే కొలిచి, ఆ అంకెల పట్టికను ఈసీయూ జ్ఞాపకంలో పెట్టి ఉంటారు. వీటన్నిటినీ గుణిస్తే ఈ గుక్కలో వచ్చిన గాలి బరువు వస్తుంది. దాన్ని 14.7తో భాగిస్తే పెట్రోలు. దాన్ని మిల్లీసెకన్లలోకి మారిస్తే పని పూర్తయింది.

పూర్తిగా కాలేదు, ఒక చిన్న సవరణ ఉంది. కరెంటు వచ్చీ రాగానే సూది లేవదు, దానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. బ్యాటరీ 14 వోల్టుల దగ్గర ఉంటే త్వరగా లేస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 వోల్టులకు పడిపోతే నెమ్మదిగా లేస్తుంది. కాబట్టి వోల్టేజీ చూసుకుని ఆ ఆలస్యాన్ని కూడా కాలానికి కలుపుతుంది. బ్యాటరీ నీరసిస్తే ఎఫ్‌ఐ బండి మొరాయించడానికి స్టార్టర్ మోటారు ఒక్కటే కారణం కాదు.

తుంపర పడేది సిలిండర్ లోపల కాదు, ఎక్కువ బళ్లలో ఇన్‌టేక్ వాల్వ్ వెనక వీపు మీద. అది వేడిగా ఉంటుంది కాబట్టి తల వెంట్రుక మందమున్న బిందువులు వాల్వ్ తెరుచుకునేలోగా ఆవిరవుతాయి.

ఇక చోక్ సంగతి. ఇంజన్ తలకో, ఆయిల్‌కో ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న పలుకు అది. ఇంజన్ చల్లగా ఉందని అది చెప్పగానే ఈసీయూ మరో పట్టిక తీసి ఇంజెక్టర్ తెరిచే కాలాన్ని పెంచుతుంది. ఇంజన్ ఆరిపోకుండా, థ్రాటిల్ రేకు పక్కనుంచి వెళ్లే చిన్న గాలిదారిని కాస్త తెరిచి ఐడ్లింగ్ పెంచుతుంది. వేడెక్కేకొద్దీ రెండింటినీ మెల్లమెల్లగా తగ్గిస్తుంది. వ్యాపారి రేవు దగ్గర నిలబడి చేసిన పనులే ఇవి. యాక్సిలరేటర్ ఆడించడం, చోక్ ఎప్పుడు నెట్టాలో చూసుకోవడం అన్నీ ఆ పట్టికలో అంకెలైపోయాయి.

న్యూట్రల్ చేస్తే ఆదా కాదు

యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే ఏమవుతుంది? గాలి వెంటనే దూసుకొస్తుంది. పెట్రోలులో కొంత భాగం గొట్టం గోడకు తడిగా అంటుకుని ఆలస్యంగా వస్తుంది. ఆ క్షణంలో పాళ్లు చెడి పికప్ తడబడకుండా, రేకు ఎంత వేగంగా వాలిందో చూసి ఈసీయూ అదనంగా ఒక చిటికెడు పెట్రోలు చిమ్ముతుంది.

దీనికి వ్యతిరేకమైనది మరీ ఆసక్తికరం. మింట్ ఫ్లైఓవర్ దిగుతూ గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశారనుకోండి. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయని, రేకు మూసి ఉందని ఈసీయూకు తెలుస్తుంది. వేగం తగినంత ఉన్నంతసేపు చాలా ఎఫ్‌ఐ బళ్లు ఇంజెక్టర్‌ను అసలు తెరవవు, ఒక్క చుక్క పెట్రోలు పోదు. అదే న్యూట్రల్ చేసి దిగితే ఇంజన్ తనంతట తాను తిరగాలి కాబట్టి ఐడ్లింగ్ పెట్రోలు కాలుతూనే ఉంటుంది. కార్బరేటర్ రోజుల్లో నేర్చుకున్న న్యూట్రల్ అలవాటు ఎఫ్‌ఐ బండిలో పెట్రోలును మిగల్చదు, పైగా బ్రేకుల మీద భారం పెంచుతుంది.

ఎయిర్ ఫిల్టర్ విషయంలోనూ పాత లెక్క మారింది. ఫిల్టర్ మురికిపడితే కార్బరేటర్ బండి ఎక్కువ పెట్రోలు తాగేది, ఎందుకంటే గాలి దారి ఇరుకైతే జెట్ మీద లాగుడు పెరుగుతుంది. ఎఫ్‌ఐ బండిలో పీడనాన్ని కొలిచేది ఫిల్టర్ దాటాక కాబట్టి, గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది. మైలేజీ అంతగా పడదు, లాగే శక్తి మాత్రం పడుతుంది. అలాగని ఫిల్టర్‌ను నిర్లక్ష్యం చేయకూడదు. చిరిగిన ఫిల్టర్ గుండా వెళ్లే ఇసుక రేణువులు సిలిండర్ గోడలను గీరేస్తాయి, దాన్ని ఏ సెన్సరూ కనిపెట్టలేదు.

పులుసు రుచి చూసినట్టు

ఇంత లెక్కా ముందుగా కొలిచి వేసే పద్ధతి. చేయి తిరిగిన మనిషి చేపల పులుసులో ఉప్పు కొలత ప్రకారం వేసినా, దించే ముందు ఒకసారి గరిటెతో రుచి చూస్తుంది. చింతపండు పులుపు ఈసారి వేరు, చేప వేరు, ఉప్పు వేరు. ఇంజన్‌కు కూడా అలాంటి నాలుక ఒకటి ఉంది. సైలెన్సర్ గొట్టం మొదట్లో బోల్టులా బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సర్. కాలిపోగా మిగిలిన పొగలో ఆక్సిజన్ ఉందో లేదో అది చూస్తుంది.

దాని లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. 300 డిగ్రీలు దాటి వేడెక్కితే అది చిత్రంగా ప్రవర్తిస్తుంది. ఒకపక్క బయటి గాలి, మరోపక్క పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో తేడా ఉంటే విద్యుత్ పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ లేకపోతే, అంటే పెట్రోలు ఎక్కువైతే, 0.9 వోల్టుల దాకా. ఆక్సిజన్ మిగిలితే 0.1 దగ్గరికి పడిపోతుంది. మధ్యలో సరిగ్గా 14.7 దగ్గర నిటారుగా మారుతుంది. ఎక్కువైందని తెలిస్తే ఈసీయూ కాస్త తగ్గిస్తుంది, తక్కువైందని తెలిస్తే కాస్త పెంచుతుంది, అలా ఆ 14.7కు అటూ ఇటూ సెకనుకు ఒకటి రెండుసార్లు ఊగుతూ ఉంటుంది.

ఈ ఊగిసలాట అవసరం కూడా. సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పలేడియం, రోడియం లాంటి లోహాల సన్నని పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని ఆక్సిజన్‌తో కలపాలి. నైట్రోజన్ ఆక్సైడ్‌ల నుంచి మాత్రం ఆక్సిజన్‌ను తీసేయాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు పనులూ ఒకేచోట జరగాలంటే పాళ్లు 14.7 చుట్టూ సన్నటి పట్టీలోనే ఉండాలి. మామూలు కార్బరేటర్ అంత నిలకడగా అక్కడ ఉండలేదు. దాని కాలం తీరిపోవడానికి అసలు కారణం ఇదే.

బెండిక్స్ అనే అమెరికన్ సంస్థ 1957లోనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ తెచ్చింది కానీ నాటి ఎలక్ట్రానిక్ భాగాలు నిలవలేదు. 1967లో బాష్ కంపెనీ ఫోక్స్‌వాగన్ 1600 కారుకు పెట్టిన పద్ధతి ఇన్‌టేక్ పీడనాన్ని కొలిచి నడిచింది, నేటి బుల్లెట్ చేసేదీ మూలంలో అదే. మద్రాసులో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది 1995 ఏప్రిల్‌లో, మిగతా మూడు మహానగరాలతో పాటు. సీసం కలిపిన పెట్రోలు ఆ లోహపు పూతను పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా దాంతోపాటే వచ్చింది. ద్విచక్ర వాహనాల్లో హీరో హోండా గ్లామర్ 2006లో ఇంజెక్షన్‌తో వచ్చింది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 2009లో. ఆపైన 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చి, మోటారు సైకిల్ కిలోమీటరుకు 60 మిల్లీగ్రాములకు మించి నైట్రోజన్ ఆక్సైడ్‌లు వదలకూడదని కట్టడి చేసింది. దాంతో ఎక్స్‌ఎల్ మోపెడ్‌కు కూడా ఇంజెక్టర్ వచ్చింది.

సముద్రపు గాలి, ఉప్పు, వరద

సూర్యనారాయణ శెట్టి వీధికి దగ్గరలో ఒక మెకానిక్ షెడ్డులో చూసిన సంగతి చెబుతాను. ఐసు మోసే కుర్రవాడు తన స్కూటర్ తెచ్చాడు. మీటరులో ఇంజన్ గుర్తు పసుపు రంగులో వెలుగుతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఆరిపోతోంది.

"అన్నా, ఇంజెక్టర్ పోయినట్టుందే?" అన్నాడు దిగులుగా.

మెకానిక్ సీటు ఎత్తి, స్కానర్ తగిలించి, కాసేపు చూశాడు. "ఇంజెక్టర్ బంగారంలా ఉంది తమ్ముడూ. గాలి ఎంత వస్తోందో దానికి తెలీడం లేదు, అందుకే తడబడుతోంది."

థ్రాటిల్ బాడీ పక్కనున్న పీడన సెన్సర్ కనెక్టర్ లాగితే లోపలి పిన్నుల మీద పచ్చగా చిలుము. ఉప్పుగాలి రాగిని తిన్న గుర్తు. స్ప్రే కొట్టి, బ్రష్షుతో రుద్ది, గ్రీసు రాసి మళ్లీ నొక్కాడు. స్కానర్‌లో పాత కోడ్ చెరిపేసి స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ నిలబడింది. సెన్సర్లు మాట్లాడేది వోల్టుల్లో, వోల్టులో చిన్న చిన్న భాగాల్లో. చిలుము వల్ల అందులో కొంత మధ్యలోనే పోతే ఈసీయూ తప్పు గాలికి తగిన పెట్రోలు పోస్తుంది. కబురు బొత్తిగా రాకపోతే థ్రాటిల్ రేకు వాలును బట్టి ఊహించి, బండిని ఎలాగో ఇంటికి చేరుస్తుంది. సముద్రతీరంలో ఎఫ్‌ఐ బండి ఉన్నవాళ్లు భాగాలు మార్పించే ముందు కనెక్టర్లు చూపించుకోవడం మంచిది.

తీరప్రాంతపు ఉక్కపోత కూడా ఇంజన్‌కు తగులుతుంది. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో దాదాపు 4 శాతం నీటి ఆవిరే. ఆ మేరకు ఆక్సిజన్ తక్కువ. మామూలు బళ్లలో తేమను కొలిచే సెన్సర్ లేదు, పీడన సెన్సర్‌కు నీటి ఆవిరీ ఆక్సిజనూ ఒకటే. తేడాను పట్టుకునేది పొగ రుచి చూసే ఆ ఆక్సిజన్ సెన్సరే.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో దాని పని ఇంకా పెరిగింది. ఇథనాల్‌లో మూడో వంతు బరువు ఆక్సిజనే కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. ఈ మిశ్రమానికి 14.7 బదులు సుమారు పదమూడున్నర పాళ్లు కావాలి. ఎఫ్‌ఐ బండి పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి ఇంజెక్టర్ కాలాన్ని తనే పెంచుకుంటుంది. లీటరులో శక్తి దాదాపు 7 శాతం తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు. పాత కార్బరేటర్ బుల్లెట్‌కు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. దాని జెట్ పాత పెట్రోలుకు బిగించినది. దానికి ప్లగ్ తెల్లబడుతోందేమో చూసుకుని, అవసరమైతే జెట్ ఒక అంకె పెద్దది వేయించుకోవాలి.

【వరద నీటిలో ఆగిపోతే
2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఉత్తర చెన్నై వీధుల్లో ఎన్నో బళ్లు నీళ్లలో మునిగాయి. గాలి వెళ్లే దారిలోకి నీళ్లు పోతే ఏమవుతుందో లెక్క చూడండి. 349 సీసీ బుల్లెట్‌లో గాలి తొమ్మిదిన్నర రెట్లు కుదించుకుపోతుంది, అంటే పిస్టన్ పైకి చేరాక మిగిలే ఖాళీ 41 మిల్లీలీటర్లు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. అంతకు మించి నీళ్లు లోపల ఉంటే పిస్టన్ పైదాకా చేరకుండానే ఆగి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు చాలు.
కాబట్టి నీళ్లలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టకూడదు, కిక్ కొట్టకూడదు. తాళంచెవి తీసి, నెట్టుకుంటూ మెరక మీదికి తేవాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడాలి. తడి ఉంటే స్పార్క్ ప్లగ్ విప్పి, రంధ్రం ఖాళీగా ఉంచి ఇంజన్‌ను మెల్లగా తిప్పితే లోపలి నీళ్లు బయటికి వస్తాయి. ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చేదాకా స్టార్ట్ చేయకూడదు. ఫిల్టర్ కాగితం ఒకసారి తడిస్తే ఆరబెట్టి వాడకుండా కొత్తది వేయాలి.】